మిగిలిపోయిన బోల్టు

ఆ శనివారం పొద్దున అల్లుడి ముందున్న పని చాలా చిన్నది. మామగారి పాత కారుకి ఆయిలు మార్పించాలి, అద్దం తుడిచే రబ్బర్లు కొత్తవి వేయించాలి. పెట్టె పట్టుకుని గుమ్మం దిగబోతూ మామగారు, "ఆయిలు, రబ్బర్లు. అంతే" అన్నారు. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగి, "అంతే" అని ఇంకోసారి అన్నారు.

అలా ఒకటికి రెండుసార్లు చెప్పడానికి కారణం ఉంది. మూత ఉన్న వస్తువు కనిపిస్తే అల్లుడి చేతులు ఊరుకోవు. లోపల ఏముందో చూడాలి. గోడగడియారం లోపల చూశాడు, ఇస్త్రీపెట్టె లోపల చూశాడు, ఒకసారి పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్లు లోపల కూడా చూశాడు. తిరిగి బిగించాక అన్నీ పనిచేశాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ప్రతిసారీ ఒక మర మిగిలేది. అలా మిగిలినవన్నీ వంటింటి అలమరలో ఒక కాఫీపొడి సీసాలో చేరేవి. అవి ఎక్కడివో ఎవరికీ తెలియదు, పారెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు. విచిత్రం ఏమిటంటే ఇతగాడి ఉద్యోగం కళ్ళజోళ్ళ దుకాణంలో. నువ్వుగింజంత మరలు పగలంతా బిగిస్తాడు. అక్కడ ఒక్కటీ మిగలదు.

పెళ్ళయినప్పటినుంచీ అదే ఇంట్లో మేడ మీద వాటాలో కాపురం. మామగారికి అల్లుడంటే గౌరవం, అతని చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే భయం. అత్తగారు వేరు. ఏ వస్తువు విప్పి కూర్చున్నా పక్కన పీట వేసుకుని, "లోపల ఎలా ఉంది బాబూ?" అని అడిగే మనిషి ఆ ఇంట్లో ఆవిడ ఒక్కర్తే. అందుకే ఆవిడ మాట అంటే అల్లుడికి ప్రాణం. అసలు గొడవంతా ఆ అభిమానంతోనే మొదలైంది.

అత్తగారు కిటికీ తెరలు కుడతారు. ఆవిడ కుట్టిన తెర అంచు గీత గీసినట్టు ఉంటుందని ఊళ్ళో పేరు. కొత్తగా కడుతున్న ఆసుపత్రివాళ్ళు గదులన్నింటికీ తెరలు కుట్టమని అడిగారు. కుట్టడమే కాదు, తెచ్చి, వేలాడదీసి, సరిచేసి ఇవ్వాలన్నారు. ఊరికి ఆ చివరన ఆసుపత్రి. రోజూ తీసుకెళ్ళమంటే మామగారు ఏనాడూ కాదనలేదు. "చూద్దాం" అన్నారు. కాదంటే ఒక బాధ, చూద్దామంటే వంద బాధలు. ఆవిడ ఇక ఎవరినీ అడగదల్చుకోలేదు. ఆ వయసులో డ్రైవింగు నేర్చుకోవడానికి కూర్చున్నారు.

గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ కారే, నేర్చుకోవడం త్వరగానే అయింది. లైసెన్సు పరీక్షే గట్టెక్కలేదు. పరీక్ష మైదానం చివర ఒక ఎత్తు కట్టారు. కారు దాని నడుమ ఆగాలి, మళ్ళీ కదిలి పైకి ఎక్కాలి. మొదటిసారి కారు నడుమ ఆగింది, మూలిగింది, వెనక్కి జారింది. రెండోసారీ అంతే. పరీక్షాధికారి ఫెయిలన్నాడు. మామగారు మాత్రం కారణం కూడా చెప్పారు. "కారుది కాదు తప్పు. నీ కాల్లో బలం లేదు." అత్తగారు ఆ మాట నమ్మారు. కాలికి బలం రావాలని రోజూ పొద్దున్నే మేడమెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టారు. మేడ మీద ఆ అడుగుల చప్పుడు వినబడగానే అల్లుడు తాగుతున్న కాఫీ పక్కన పెట్టేసేవాడు.

ఇంకో తొమ్మిది రోజుల్లో, సోమవారం నాడు, మూడో పరీక్ష. అదీ పోతే మళ్ళీ మొదటినుంచీ అన్నీ చేసుకుంటూ రావాలి, ఈలోపు ఆసుపత్రి పని ఇంకెవరికో పోతుంది. పరీక్షకి ముందు ఈ వారం తన అక్కగారి కంటి ఆపరేషనుకి సాయంగా అత్తగారు, ఆవిడకి తోడుగా మామగారు ప్రయాణమయ్యారు. పరీక్ష ముందురోజు, ఆదివారం సాయంత్రానికి వస్తారు.

మందుల దుకాణంలో పనికి బయల్దేరుతూ అల్లుడి భార్య భర్తని ఎగాదిగా చూసింది. "ఆయిలు మార్పించడానికి స్క్రూడ్రైవరు ఎందుకండీ జేబులో?"

"అలవాటు" అన్నాడు. అది అబద్ధం కాదు.

ఆయిలు దుకాణానికి వెళ్ళాలంటే వంతెన ఎక్కాలి. వంతెన నడుమకి వచ్చేసరికి కారు నీరసించింది. అల్లుడు పెడలు అడుగంటా తొక్కాడు. అయినా లాభం లేదు. పక్కనుంచి పాలక్యాన్లు కట్టుకున్న సైకిలాయన దాటిపోతూ జాలిగా చూశాడు. అల్లుడి బుర్రలో ప్రశ్న పుట్టింది. ఇంత పెద్ద ఇంజను, నాలుగు చక్రాలు, సైకిలుకన్నా వెనక ఎందుకు పడుతుంది? అత్తయ్యగారి కాల్లో బలం లేదు సరే, నా కాల్లో కూడా లేదా? వంతెన దిగాక ఎడమకి తిరిగితే ఆయిలు దుకాణం. అతను కుడికి తిరిగాడు.

కుడివైపున స్పీడు మాస్టారి గ్యారేజి ఉంది. ఆయన ఇంజనీరింగు చదివి, పెద్ద కంపెనీలో ఉద్యోగం వదిలి, పందెం కార్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. మామూలు కారు తెస్తే ఆవులిస్తాడు. అల్లుడు కారు సంగతి చెప్పి, ఎత్తు ఎక్కడం లేదన్నాడు. మాస్టారు బానెట్ ఎత్తి, ఇంజను దగ్గరున్న తీగని చేత్తో లాగి చూశాడు. ఇంజను హాయిగా గర్జించింది.

"గుండె గట్టిదే. ఊపిరి చాలట్లేదు. క్యామ్‌షాఫ్టులు మార్చాలి" అన్నాడు.

ఆయిలు అనే మాట అల్లుడి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "వాటి లోపల ఎలా ఉంటుంది?" అన్నాడు.

అంతే, ఇద్దరూ ఒకరికొకరు దొరికారు. మాస్టారు గోడకి వేలాడుతున్న కడ్డీలు, మామూలుదొకటి పందెందొకటి, దింపి చూపించాడు. ఇంజను నెత్తిన ఇలాంటి కడ్డీలు రెండు తిరుగుతుంటాయి. వాటి మీద కోడిగుడ్డు మొనలా ఉబ్బులుంటాయి. ఉబ్బు వచ్చి తగిలినప్పుడల్లా కవాటం తెరుచుకుంటుంది, ఇంజను గాలి పీలుస్తుంది. ఉబ్బు పొడవైతే తలుపు ఇంకాస్త తెరుచుకుంటుంది, ఇంకాస్త సేపు తెరిచి ఉంటుంది. అల్లుడు జేబులోంచి అద్దాల మందం కొలిచే పరికరం తీసి మామూలు ఉబ్బూ పందెం ఉబ్బూ కొలిచాడు. తేడా వెంట్రుకంత ఉంది. ఆ వెంట్రుకతో కారు కొండ ఎక్కుతుందంటే అతనికి ఒళ్ళు పులకరించింది. తన కళ్ళజోళ్ళ దుకాణానికి ఫోను చేసి ఒంట్లో బాగాలేదని చెప్పాడు. ఖర్చు ఎంతయిందన్నది అతని భార్యకే ఇంతవరకూ తెలియదు, మనకెందుకు.

రోజూ దుకాణం మూశాక గ్యారేజికి పోయేవాడు. ఇంట్లో అడిగితే ఆయిలు మంచిది దొరకడం లేదనేవాడు. పాత కడ్డీలు తీశారు, కొత్తవి కూర్చోబెట్టారు, గొలుసు మీది గుర్తుకీ పళ్ళచక్రం మీది గుర్తుకీ జత కలిపారు. ఒక్క పన్ను అటూఇటూ అయితే ఇంజను తన పళ్ళు తానే రాలగొట్టుకుంటుందని మాస్టారు చెబితే అల్లుడు భూతద్దం పెట్టి చూశాడు. అన్నీ బిగించాక పళ్ళెంలో ఒక్క మర కూడా మిగల్లేదు. అతని జీవితంలో అది మొదటిసారి. కాసేపు ఆ ఖాళీ పళ్ళెం వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఇంజను మొదలుపెట్టారు. పూర్వం సన్నగా జుయ్యిమని పాడేది. ఇప్పుడు గుడ్, గుడుగుడు, గుడ్ అంటూ, ఏదో పాత జోకు గుర్తొచ్చి లోలోపల నవ్వుకునే మనిషిలా అదరసాగింది. మాస్టారు మురిసిపోయాడు. తీరా గేరు వేసేసరికి కారు బ్రేకుని తోసుకుంటూ ముందుకి ఒక కుదుపు కుదిపి, టప్పున ఆగిపోయింది. మళ్ళీ వేశారు. మళ్ళీ ఆగింది. ఎలాగో రోడ్డెక్కించి పెడలు అడుగంటా తొక్కితే మునుపటికన్నా నీరసంగా నడిచింది. ఎత్తు ఎక్కడం అటుంచి, సమంగా ఉన్న వీధిలో కూడా ఆయాసపడింది. అత్తయ్యగారి పరీక్షకి మూలిగే కారుకి బదులు చచ్చిపోయే కారు తయారైంది.

మాస్టారు మాత్రం తొణకలేదు. "ఇందులో ఆశ్చర్యమేముంది? పిల్ల మారింది, పిల్లాడు మారలేదు. క్యామ్ ఒకటి, కన్వర్టరు ఒకటి. ఈడూజోడూ కుదరాలి కదా."

ఆ కన్వర్టరంటే ఏమిటో చెప్పడానికి గ్యారేజిలో ఉన్న రెండు టేబుల్ ఫ్యాన్లు తెచ్చి ఎదురెదురుగా పెట్టాడు. ఒకటి మాత్రమే స్విచ్చికి తగిలించాడు. అది తిరిగితే దాని గాలికి రెండోది కూడా తిరిగింది. ఇంజను మొదటి ఫ్యాను, గేర్‌బాక్సు రెండోది, నడుమ గాలికి బదులు నూనె. మొదటిది నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ రెండోది కదలకూడదు, జారిపోనివ్వాలి, వేగం అందుకున్నాకే పట్టుకోవాలి. పాత కన్వర్టరు తొందరపాటు మనిషి, ఇంజను ఊపిరి తీసుకోకముందే పట్టుకుంటుంది. కొత్త క్యామ్‌లకి బలమంతా పైవేగంలోనే ఉంది కాబట్టి, కాస్త ఆలస్యంగా పట్టే కన్వర్టరు వెయ్యాలి. నడుమ తువ్వాలు అడ్డం పెడితే ఏమవుతుందని అల్లుడు అడిగాడు. పెట్టి చూశారు. ఫ్యాన్ల మధ్య దూరం పెంచితే? పెంచి చూశారు. ఆ పూట అలా గడిచిపోయింది.

ఎంత ఆలస్యంగా పట్టాలన్నదే అసలు చిక్కు. కారు బరువెంత, చక్రం ఎంత, నడిపేదెవరు, ఎక్కడ నడుపుతారు, అన్నీ చెప్పాలన్నాడు మాస్టారు. అత్తగారి లైసెన్సు పరీక్ష కోసమని చెప్పడానికి అల్లుడికి సిగ్గేసింది. మా ఇంట్లోనే ఒకరున్నారన్నాడు. ఎత్తు ఎక్కాలన్నాడు. ఇప్పటికి రెండుసార్లు ఓడిపోయారనీ, ఇది ఆఖరి అవకాశమనీ, పక్కసీట్లో ఒకాయన కూర్చుని మార్కులు వేస్తాడనీ చెప్పాడు. ప్రతి మాటా నిజమే. వింటున్నకొద్దీ మాస్టారి కళ్ళు మెరిశాయి. కొండలెక్కే పందేల్లో తిరిగినవాడు, ఇంకేమనుకుంటాడు? లోపలి గదిలోకి వెళ్ళి, పందెం కారులోంచి తీసి భద్రంగా దాచుకున్న కన్వర్టరుని పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాడు.

కన్వర్టరు మార్చాలంటే గేర్‌బాక్సు దింపాలి. మాస్టారు కారు కిందకి దూరి, బోల్టులా కనిపించినదాన్నల్లా విప్పుకుంటూ పోయాడు. ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ తిరిగి బిగించారు. ఈసారి పళ్ళెంలో ఒకటి మిగిలింది. నువ్వుగింజంతది కాదు, బొటనవేలంత బోల్టు. కొనకి నల్ల రబ్బరు టోపీ తొడిగి ఉంది.

"మనది కాదు" అన్నాడు మాస్టారు. లెక్కపెట్టాడు, కిందకి దూరి టార్చి వేసి చూశాడు, "కచ్చితంగా మనది కాదు" అన్నాడు. గేర్‌బాక్సుకి ఉండాల్సినవన్నీ ఉన్నాయి, దాని చుట్టూ ఖాళీ కన్నం ఎక్కడా లేదు. ఉన్న ఒక కన్నం డ్రైవరు కాలి దగ్గర, తివాచీ అడుగున రేకులో ఉందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. కారు తీసుకుని వంతెన ఎక్కారు. అల్లుడు పెడలు కాస్త నొక్కాడో లేదో ఇంజను ఒక్క క్షణం మూలిగి, అందుకుని, వంతెన మీదికి దూసుకుపోయింది. ఆ పాల సైకిలాయన ఈసారి వెనక ఎక్కడ ఉండిపోయాడో కనపడలేదు. మాస్టారు అల్లుణ్ణి కావలించుకుని, జోడీ అంటే ఇదీ అన్నాడు. అల్లుడి జేబులో బోల్టు గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మామగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గుడ్, గుడుగుడు, గుడ్ అంటూ కారు ఇంటి ముందు ఆగింది. ఆయన లేచి వచ్చి, జ్వరం చూసినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టారు.

"ఏమిటీ దగ్గు?"

"కొత్త ఆయిలు కదండీ మామయ్యగారూ. అలవాటు పడాలి" అన్నాడు అల్లుడు.

మామగారు లోపలికి వెళ్ళి, కార్ల సంగతి తెలిసిన పాత స్నేహితుడికి ఫోనులో ఆ శబ్దం నోటితో చేసి వినిపించారు. ఆ స్నేహితుడు, ఆ ఇంజనుకి ఇంక రోజులు దగ్గరపడ్డాయని తేల్చాడు. మామగారు ఫోను పెట్టేసి పరీక్ష మానుకోమన్నారు. బాగున్న కారుతోనే రెండుసార్లు పోయింది, ఇక ఈ కారుతో ఏమిటన్నారు. అత్తగారు అంతవరకూ ఆయన మాటకి ఎదురు చెప్పి ఎరగరు. "వెళ్తాను" అన్నారు. ఆ ఒక్క ముక్కే అని తెరల గుడ్డ మడతపెట్టుకోసాగారు.

మేడ మీద భార్య మొగుడి మొహం చూడగానే తలుపు దగ్గరగా వేసింది. "ఎన్ని మిగిలాయి?" అంది.

అతను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ నవ్వేసి సీసాలో వేసే మనిషి ఈసారి నవ్వలేదు. ఇంత పెద్దదా అంది. ఇది చక్రానిదైతే, బ్రేకుదైతే, ఆ కారులో మా అమ్మ ఎక్కి కూర్చుంటే ఏమిటి గతి అంది. గడియారం తప్పు నడిస్తే ఆఫీసుకి ఆలస్యమవుతుంది. కారు సంగతి అలాకాదు. ఊరికే చూద్దామని మొదలుపెట్టిన పని ఎవరి మీదికి వచ్చిందో అప్పుడు తెలిసింది. తెల్లారుతుండగానే కిందకి దిగి నాలుగు చక్రాల బోల్టులూ చేత్తో తడిమి లెక్కపెట్టాడు. అన్నీ ఉన్నాయి. మరి ఈ బోల్టు ఎక్కడిదని భయం ఇంకా పెరిగింది. అత్తయ్యగారికి అంతా చెప్పేయాలని నిశ్చయించుకుని గుమ్మంవైపు తిరిగాడు.

అప్పటికే మామగారు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు. మైదానందాకా తానే నడుపుతానని, దారిలో ఆగిపోతే అక్కడితో పరీక్ష మాట వదిలెయ్యాలని షరతు పెట్టారు. అల్లుడు "మామయ్యగారూ, ఒక్క మాట" అంటుండగానే ఆయన గేరు వేసి బ్రేకు వదిలారు. కారు కదల్లేదు. మామగారు ఏళ్ళ తరబడి ఏం చేస్తున్నారో అదే చేశారు. పెడలు అడుగంటేదాకా తొక్కిపెట్టి, కారు దాని తీరికలో కదులుతుందని కూర్చున్నారు.

ఈసారి పెడలుకి అడుగు ఎక్కడో కిందకి పోయింది. కారు ఒక్క అరుపు అరిచి, తెరిచి ఉన్న గేటులోంచి వీధి దాటి, ఎదురింటి పూలకంచెలోకి వెళ్ళి ఆగింది. ఎదురింటాయన రబ్బరుగొట్టంతో మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. మొక్కలు లేవు, గొట్టం మాత్రం ఆయన చేతిలోనే ఉండి బానెట్ మీద నీళ్ళు పోస్తోంది. మామగారు దిగి, ఆయనకి క్షమాపణ చెప్పి, వేలితో కారుని చూపించారు. కారుకి పిచ్చెక్కిందనీ, తను ఎక్కననీ, ఎవరూ ఎక్కకూడదనీ అన్నారు. అన్నాక చూస్తే అత్తగారు ఎక్కి కూర్చున్నారు.

నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్నవాళ్ళు ఉండాలి కాబట్టి అల్లుడు గబగబా పక్కసీట్లో కూలబడ్డాడు. ఆవిడ బ్రేకు మీద కాలు తియ్యకుండా అతనివైపు తిరిగారు. కోపం లేదు. గడియారం విప్పినప్పుడు ఉండే చూపే.

"నిజం చెప్పండి బాబూ. లోపల ఏం పెట్టారు?"

అతను అంతా చెప్పేశాడు. ఉబ్బులు, గాలి, ఎదురెదురు ఫ్యాన్లు, ఆలస్యంగా పట్టే నూనె. చివరికి బోల్టు కూడా తీసి చూపించి, ఇది ఎక్కడిదో తెలియదండీ అన్నాడు. మీరు దిగిపోండి, తప్పంతా నాది అన్నాడు. ఆవిడ ఇంజను మోగుతున్న తీరు విన్నారు. చక్రాలూ బ్రేకూ చూశారా అని అడిగారు. చూశానన్నాడు.

"నా పాత కుట్టుమిషను మోటారూ ఇంతే. ముందు మూలుగుతుంది, సూది కదలదు. అక్కడ కంగారుపడి తొక్కామా, వేలు కుట్టేస్తుంది. ఆ మూలుగు మీదే కాలు నిలపాలి."

అని, కాలు అలా ఆనించారు. ఇంజను మూలిగింది. ఆవిడ నిలిపారు, ఇంకో రవ్వ ఆనించారు, కారు పూలకంచెలోంచి వెనక్కి వచ్చి, తిరిగి, గుడ్డ మీద సూది నడిచినట్టు వీధి వెంట సాగింది. మలుపు దగ్గర ఆగింది, మళ్ళీ కదిలింది. మైదానం చేరేదాకా అల్లుడు ఒక చేత్తో తలుపు పిడినీ ఒక చేత్తో బోల్టునీ పట్టుకునే ఉన్నాడు. కారులోంచి ఏమీ ఊడిపడలేదు.

పరీక్షాధికారి ఆవిణ్ణి గుర్తుపట్టి నిట్టూర్చాడు. అల్లుడు దిగి, మైదానం అంచున బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి మామగారు ఒక బాడుగ కారులో వచ్చి దిగి, అతని పక్కనే, కాని కాస్త ఎడంగా కూర్చున్నారు. అల్లుడు బోల్టుని వేళ్ళ మధ్య తిప్పుతూ ఎత్తువైపే చూస్తున్నాడు. మామగారి చూపు మైదానం మీదినుంచి అతని చేతి మీదికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"అది మీకెక్కడ దొరికింది?"

"గేర్‌బాక్సు దింపినప్పుడు మిగిలిందండీ" అని నోరు జారాడు అల్లుడు. కొంప మునిగిందనుకున్నాడు. గేర్‌బాక్సు అనే మాట మామగారి చెవికి ఎక్కనే లేదు. ఆయన బోల్టు తీసుకుని, రబ్బరు టోపీని వేలితో రాసి చూసి, అరచేతిలో పెట్టుకున్నారు. తరువాత చెప్పారు. తన కొడుకు డ్రైవింగు నేర్చుకునే రోజుల్లో వాడి దూకుడుకి భయపడి, పెడలు కింద రేకుకి కన్నం చేసి, పెడలు సగానికి మించి దిగకుండా కారు కిందినుంచి ఈ బోల్టు తానే బిగించారు. శబ్దం రాకుండా కొనకి రబ్బరు తొడిగారు. వాడు ఉద్యోగమొచ్చి వేరే ఊరు వెళ్ళాడు. బోల్టు సంగతి మరిచిపోయారు. అప్పటినుంచీ కారు ఎత్తు ఎక్కకపోతే, పాపం ముసలిదైపోయిందనుకున్నారు.

అల్లుడు లెక్క వేసుకున్నాడు. ఉబ్బులు, వెంట్రుకంత తేడా, ఫ్యాన్లు, తువ్వాలు, గేర్‌బాక్సు. ఇన్నీ చేశాక కారు వంతెన ఎక్కింది ఈ ఒక్క బోల్టు ఊడినందుకు. దేశంలో ఉన్న ప్రతి మూతా తీసి చూసినవాడు, కాలికిందున్న తివాచీ ఎత్తి చూడలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక ఎత్తువైపు చూశాడు.

కారు ఎత్తు నడుమ ఆగి ఉంది. గుడ్, గుడుగుడు, గుడ్ అనే శబ్దం బల్లదాకా వినిపిస్తోంది. మామగారు లేచి నిలబడ్డారు. శబ్దం మారి మూలుగైంది, ఆ మూలుగు ఒకచోట నిలిచింది. కారు రవ్వంత కూడా వెనక్కి జారలేదు. ముందుకి కదిలి, తొందర లేకుండా పైదాకా ఎక్కి, అవతలికి దిగిపోయింది. అవతల పరీక్షాధికారి కారు దిగి బానెట్ వంక అనుమానంగా చూశాడు. లోపల ఏం పెట్టించారమ్మా అని అడిగాడట. ఆయిలు మార్పించామని చెప్పారట ఆవిడ.

పాసైన కాగితం సంచిలో పెట్టుకుని అత్తగారు నడిచి వస్తుంటే మామగారు ఎదురు వెళ్ళారు. అల్లుడు అనుకున్నది వేరు. ఆయన బోల్టు జేబులో వేసేసుకుంటారు, తనూ మాట్లాడకుండా ఉంటే ఇద్దరికీ మంచిది అనుకున్నాడు. ఆయన అరచెయ్యి చాపి చూపించారు. ఎక్కడిదో చెప్పారు. చెప్పి, ఇంకో మాట అన్నారు.

"నీ కాల్లో బలం లేకపోవడం కాదు. నేను బిగించింది గట్టిగా బిగించాను."

అత్తగారు బోల్టు వంకే చూశారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రోజూ ఆ మెట్లన్నీ ఎక్కాను" అన్నారు. మామగారు తల వంచుకున్నారు, చూశానన్నారు, చూస్తూ కూర్చున్నానన్నారు. ఆయన నోట అలాంటి మాట రావడం అల్లుడు అంతవరకూ వినలేదు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, బోల్టు తీసుకుని సంచిలో కాగితం పక్కన వేసుకున్నారు.

"పొద్దెక్కుతోంది. మీరు వెనక కూర్చోండి" అన్నారు.

మామగారు వెనక కూర్చున్నారు. దారిలో అల్లుడు గొంతు సవరించుకుని, పాత క్యామ్‌షాఫ్టులూ పాత కన్వర్టరూ జాగ్రత్తగానే ఉన్నాయనీ, కావాలంటే మళ్ళీ విప్పి అవే పెట్టేస్తాననీ చెప్పాడు. వెనకనుంచి మామగారు, ముందునుంచి అత్తగారు ఒకేసారి వద్దన్నారు. తెరలు వెయ్యడానికి ఆసుపత్రికి పోవాలి, ఆ వైపు వంతెనలు రెండున్నాయని అన్నారు ఆవిడ. మొదటి ప్రయాణం మాత్రం ఎదురింటాయనకి పూలమొక్కలు కొనుక్కురావడానికే అయింది.

ఆ సాయంత్రం బోల్టుని కాఫీపొడి సీసాలో వేశారు. అందులో ఉన్నవాటిలో, ఎక్కడిదో తెలిసింది అదొక్కటే.